కుళాయి గట్టు మీద కుదిరిన సంబంధం

నాకు జీవితంలో ఒక్కసారే పెళ్లిచూపులు జరిగాయి. ఆ సంగతి పెళ్లికొడుక్కి తెలియదు, నాకూ తెలియదు. తెలిసినవాళ్లంతా జీపులో వచ్చారు. ఆ రోజు నేను పోగొట్టుకున్న పరువు విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి హాల్లో ఏ కుర్చీ కిందో ఇంకా పడి ఉండే ఉంటుంది. తీరుబడిగా చెప్తాను, వినండి. నవ్వొస్తే నవ్వండి కూడా. మధ్యలో నా ముక్కు వంక మాత్రం చూడకండి.

అసలు గొడవంతా ముక్కుదే. మా ఇంట్లో ముక్కు మామ్మ నుంచి వస్తుంది. మామ్మంటే మా నాన్నకి అమ్మ, నన్ను పెంచిన మనిషి. ఆ ముక్కు నాన్నకి రాలేదు, చిన్నాన్నకి రాలేదు. ఒక తరం ఆగి, బలం పుంజుకుని, నేరుగా నాకొచ్చింది. చలికాలంలో అందరికన్నా ముందొచ్చి పొయ్యి దగ్గర చోటు పట్టేసిన మనిషిలా నా ముఖం మధ్యలో కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. చాలా ఏళ్లు దానితో నాకే పేచీ లేదు. జలుబు చేసినప్పుడు తప్ప అదొకటుందని గుర్తుండేదే కాదు.

పేచీ పెట్టింది ఒక టూరిస్టు. అప్పట్లో నేను అరకులో రోడ్డు పక్క కాఫీ షాపులో కౌంటరు దగ్గర పనిచేసేదాన్ని. మంచు చూడ్డానికి వచ్చినవాళ్లకి మంచు కనపడకపోతే మా కాఫీనే వీడియో తీసుకుని పోయేవారు. అలా ఒకతను నేను కాఫీ వంపుతుంటే పక్కనుంచి తీసి రీల్ పెట్టాడు. లక్షలమంది చూశారని షాపంతా ఒకటే సంబరం. నేనూ సంబరంగానే కామెంట్లు చదవడానికి కూర్చున్నాను. అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ఎక్కువ లైకులతో ఒకటుంది: ‘కాఫీ స్మాల్, ముక్కు ఎక్స్‌ట్రా లార్జ్.’

ఇప్పుడైతే దానికి నేనే లైకు కొడతాను. మాటా బాగుంది, కొలతా సరిగ్గానే ఉంది. అప్పుడు మాత్రం స్టోర్ రూములో కాఫీ గింజల బస్తాల మీద బోర్లా పడి ఏడ్చాను. బోర్లా పడుకుంటే ముందుగా ముక్కే తగిలింది, దాంతో ఇంకాస్త ఏడ్చాను. మర్నాటి నుంచి ఎవరికీ పక్కకి కనపడకుండా, మనిషికి ఎదురుగా నిలబడి, కళ్లలోకి చూస్తూ కాఫీ వంపడం మొదలెట్టాను. చాలామంది చేతులు కాలాయి. ఓనరు పిలిచి, కప్పు వంక చూసి పొయ్యమ్మా అని దండం పెట్టాడు.

ఆ వారంలోనే ఫోన్లో వెతికి విశాఖపట్నంలో ముక్కులు సరిచేసే డాక్టరుగారిని పట్టుకున్నాను. ముందొకసారి వచ్చి కనపడాలట, ఆయన చూసి చెప్తారట. ఇక చూడండి నా తయారీ. పదో తరగతి పరీక్షలకి కూడా నేనంతగా తయారవలేదు. కౌంటరు దగ్గరికి వచ్చిన ప్రతివాళ్ల ముక్కూ పరీక్షగా చూసి, ఇది బాగుంది, ఇది నాకు నప్పదు అని లోపల్లోపల బేరమాడేదాన్ని. ముందునుంచి, రెండు పక్కలనుంచి తెల్లగోడ దగ్గర నిలబడి ఫోటోలు పంపమన్నారు. మా ఊళ్లో తెల్లగోడంటే చర్చి గోడ ఒక్కటే. అక్కడ నిలబడి పక్కింటి పిల్ల చేత తీయించుకున్నాను. నీళ్లకి వెళ్లే ఆడవాళ్లందరూ కాసేపాగి చూసి, ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుని వెళ్లారు. నా ముక్కు గురించే నవ్వుకుంటున్నారనుకున్నాను. ఆ రోజుల్లో కుక్క మొరిగినా నా ముక్కు గురించే అనిపించేది.

ఇంట్లో మాత్రం ఎవరికీ చెప్పలేదు. అమ్మానాన్నలకి భయపడి కాదు, మామ్మ కోసం. పుట్టినప్పటినుంచి నన్నెవరు చూసినా ‘అచ్చం మామ్మే’ అనేవారు, ఆ మాట విన్నప్పుడల్లా ఆమె ముఖం విప్పారేది. అలాంటి మనిషి ముందు కూర్చుని, నువ్విచ్చిన ముక్కు నాకొద్దు, కోయించుకుంటాను అని ఏ నోటితో చెప్పను? పని పూర్తయ్యాక ఎక్కడో పడ్డానని చెప్పేద్దామనుకున్నాను. ముక్కు అందంగా మారేలా ఎలా పడతారో మాత్రం ఆలోచించలేదు.

ఇక్కడ మా ఊరి సిగ్నల్ గురించి చెప్పాలి. ఊరంతటికీ ఫోను పలికేది ఒకే ఒక్క చోట, కుళాయి పక్కన గట్టు మీద. అది కూడా ఎడం కాలు కాస్త పైకెత్తి నిలబడితేనే. కాబట్టి మా ఊళ్లో రహస్యం మాట్లాడాలంటే బిందెలు పట్టుకున్న ఆడవాళ్లందరి ఎదుటా, ఒంటికాలి మీద, గట్టిగా అరిచి మాట్లాడాలి. ఆసుపత్రి నుంచి ఒకమ్మాయి ఫోను చేసినప్పుడు నేనలాగే మాట్లాడాను. ఆమె అడిగినవి నా చెవికే వినిపించాయి, నేను చెప్పినవి ఊరందరికీ వినిపించాయి. ఊరు విన్నది ఇదీ:

“ఆఁ, నేనేనండీ, జమునని. ఫోటోలు ఆయనకి చూపించారా? ఏమన్నారు?”

“లేదండీ, ఇంకా పెళ్లి కాలేదు.”

“మేకప్ లేకుండానే వస్తాను. ఉన్నదున్నట్టు చూడమనండి.”

“జబ్బులేం లేవు. పొగా? మా మామ్మ తాగుతుంది, నేను తాగను.”

“తప్పకుండా, ఇంటి పెద్దని వెంటబెట్టుకునే వస్తాను. ఆయన సరేనంటే నాకంతకన్నా ఏం కావాలండీ!”

నేను గట్టు దిగేసరికి అందరూ నా వంకే చూస్తున్నారు. బిందె నిండి నీళ్లు పొర్లిపోతున్నా ఎవరూ తీయడం లేదు.

మా కొండల్లో పిల్లని చూడ్డానికి పిల్లాడి వైపువాళ్లే వస్తారు. కల్లుకుండ పట్టుకుని వచ్చి, గుమ్మంలో దించి కూర్చుంటారు. మేం ఆ కుండని ముట్టుకుంటే మాటలు మొదలైనట్టు. ముట్టుకోకపోతే కుండ ఎత్తుకుని వచ్చిన దారినే పోవాలి. కుండ దిగకుండా పిల్లే కొండ దిగి పిల్లాడికి కనపడ్డానికి పోవడమన్నది మా ఊరు ఎరగదు. ఆ సాయంత్రం మామ్మ నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

“ఎవులో సూత్తానన్నారంట?”

“డాక్టరుగారు మామ్మా, వైజాగ్‌లో.”

“డాక్టరే? మరి నువ్వెల్లడమేటి? ఆడు రాడా?”

“పెద్ద డాక్టరు మామ్మా. ఆయన ఎవరింటికీ రారు, అందరూ ఆయన దగ్గరికే వెళ్తారు.”

మామ్మ చాలాసేపు చుట్ట కాల్చుకుంటూ ఆలోచించింది.  ఏం జబ్బని అడుగుతుందేమో, కడుపునొప్పని చెప్దామని సిద్ధంగా ఉన్నాను. ఆమె అది అడగలేదు.

“నీకు ఇట్టమేనా గుంటా?” అంది.

“చాలా ఇష్టం మామ్మా. ఎన్నాళ్లనుంచో అనుకుంటున్నాను.”

మామ్మ కళ్లు తుడుచుకుని నా తల నిమిరింది. నా పిచ్చి చూడండి, ఆమెకి ముక్కు సంగతి ఎలాగో తెలిసిపోయిందని, పెద్ద మనసుతో క్షమించేసిందని అనుకుని నేనూ కళ్లు తుడుచుకున్నాను. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని చెరో విషయానికి ఏడ్చాం.

శనివారం పొద్దున్నే బయటికొచ్చి చూస్తే గుమ్మంలో జీపుంది. ఇంటి పెద్ద ఒకరు చాలన్నారు కదా అంటే, మిగతావాళ్లు సముద్రం చూస్తారంట అన్నాడు చిన్నాన్న. అమ్మానాన్నలు మిరియాల కోతని వదిలిపెట్టి రాలేక పెద్దరికం ఆయనకే అప్పజెప్పారు. మా చుట్టుపక్కల ఊళ్లలో ఏ సంబంధం మాట్లాడాలన్నా చిన్నాన్నే వెళ్లాలి. ఆయన నవ్వితే సంబంధం కుదిరినట్టు, కండువా దులిపితే చెడినట్టు. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు ఊపుకుంటూ జీపెక్కాడు. డాక్టరుగారికి కాస్త కాఫీపొడి తీసుకెళ్దామంటే కసిరాడు. మనం ఏదీ పట్టుకెళ్లకూడదట, పట్టుకెళ్తే మనమే అడిగినట్టవుతుందట. ఘాట్ రోడ్డు పొడుగునా ఆడవాళ్లు పాటలు పాడారు. నేను దుమ్ముకి ముక్కు మీద చేతిరుమాలు అడ్డం పెట్టుకుంటే, గుంటకి సిగ్గొచ్చిందని ఇంకో పాట ఎత్తుకున్నారు.

ఆసుపత్రి హాల్లోకి మేమంతా వెళ్లేసరికి కౌంటరు దగ్గరమ్మాయి లేచి నిలబడిపోయింది. ఇంతమందికీనా అని అడిగితే, చిన్నాన్న ఒక్క గుంటకేనని చెప్పి గోడల వంక చూడసాగాడు. గోడల నిండా ఫోటోలు. ఆపరేషన్‌కి ముందొకటి, తరవాతొకటి, ఎక్కడ చూసినా ఆడవాళ్లే.

“ఈలందర్నీ డాక్టరుగారు సూసేరా అమ్మా?” అని అడిగాడు.

“అవునండీ. సార్ కొన్ని వందలమందిని చూశారు,” అంది ఆ అమ్మాయి గొప్పగా.

చిన్నాన్న నా వైపు వంగి, ఇంతమందిలో ఈయనకి ఒక్కలూ నచ్చనేదేటని మెల్లగా అడిగాడు. నేను నా ధ్యాసలో ఉన్నాను. అందరికీ బాగానే కుదిరింది చిన్నాన్నా, ఫోటోల్లో చూడు ఎంత ఆనందంగా ఉన్నారో అన్నాను. చిన్నాన్న కండువా మీద చెయ్యి వేశాడు. దులపలేదు కానీ, చెయ్యి మాత్రం అక్కడే ఉంచాడు.

పేరు పిలిచారు. నేను, మామ్మ, చిన్నాన్న లోపలికి వెళ్లాం. డాక్టరుగారు తెల్లజుట్టు మనిషి, దయగల ముఖం. కూర్చోమ్మా అన్నారు. మామ్మ ఆయన్ని కిందినుంచి పైదాకా చూసి, నా చెవిలో తన గొంతుకి చాతనైనంత మెల్లగా అంది.

“ఈడా పెళ్లికొడుకు? ఈడు నా ఈడోడు కదే!”

చర్చి గోడ, కుళాయి గట్టు, మామ్మ కన్నీళ్లు, జీపు పాటలు, అన్నీ ఒక్కసారిగా నా కళ్లముందు వరసలో నిలబడ్డాయి. నోరు విప్పి, ఇది పెళ్లి కాదు మామ్మా అంటే సరిపోయేది. కాకపోతే మరేంటని ఆమె అడుగుతుంది. ఒక పక్కన ముసలి డాక్టరుగారితో పెళ్లి, ఇంకో పక్కన మామ్మకి నిజం చెప్పడం. ఒట్టేసి చెప్తున్నాను, ఒక్క క్షణం నేను పెళ్లివైపే మొగ్గాను.

“చెప్పమ్మా, నీకేం కావాలి?” అన్నారు డాక్టరుగారు.

 చిన్నాన్న గొంతు సవరించుకున్నాడు.

“మా గుంటకేటి గావాలో తరవాత బాబూ. ముందు మీకు నచ్చినాదా?”

“నాకు నచ్చడం కాదండీ ముఖ్యం. తనకి నచ్చాలి.”

మంచి మాటన్నారని చిన్నాన్న కుర్చీలో ముందుకు జరిగాడు. ఇంతలో డాక్టరుగారు నా గడ్డం పట్టుకుని ముఖం అటూ ఇటూ తిప్పి చూశారు. మామ్మ చప్పున లేచి ఆయన చెయ్యి తీసేసింది. “ఇంకా కుండ దిగనేదు బాబూ, ముట్టుకోకు,” అంది. ఆయనకి ఏ కుండో అర్థం కాలేదు గానీ, పెద్దావిడ మాట కాదనలేక చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

“తొందరపడకండి,” అన్నారు చిన్నాన్నతో. “ఇంటికెళ్లి బాగా ఆలోచించుకోండి. ఒకసారి అయ్యాక మళ్లీ వెనక్కి తీసుకోవడం కుదరదు.”

“మావోళ్లలో తీసుకోవచ్చు బాబూ. పెద్దల్లో కూకుని తప్పు డబ్బులు కట్టేత్తే సరిపోద్ది.”

డాక్టరుగారు నా వంక చూశారు. నేను నేల వంక చూశాను. ఆయన పాపం ఎప్పుడూ చెప్పే మాటల్లోకి వెళ్లిపోయారు. ఉదయం వస్తే సాయంత్రానికి ఇంటికి పంపేస్తామని, నొప్పేమీ తెలియదని, ముందుగా మత్తు ఇస్తామని చెప్పారు. మత్తన్న మాట వినగానే చిన్నాన్న ముఖం వెలిగిపోయింది. పొద్దుటినుంచి ఆయన ఆ ఆసుపత్రిలో మూలమూలా వెతుకుతున్న కల్లుకుండ జాడ ఇప్పటికి దొరికింది మరి.

“మత్తు మీ వైపోళ్లే ఇత్తారా?”

“మేమే ఇస్తామండీ. దానికి మత్తు డాక్టరని వేరే ఉంటారు.”

చిన్నాన్న లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు. “మత్తుకే ఓ డాక్టరా బాబూ! ఎన్నో సంబంధాలు మాటాడినాను, ఇంత మరేద నానెక్కడా సూణ్ణేదు. మావోళ్లు జీపు నిండా ఉన్నారు, అందరికీ సరిపడా సూడమనండి.”

“వాళ్లందరికీ ఎందుకండీ? అమ్మాయి ఒక్కదానికి ఇస్తే చాలు.”

చిన్నాన్న చేతులు మెల్లగా విడిపోయాయి. కండువా భుజం మీదినుంచి దిగింది.

“గుంటకి మత్తిచ్చి పెళ్లి సేసుకుంటావా?”

“పెళ్లేమిటండీ?” అని డాక్టరుగారు కుర్చీలోంచి లేచారు. “ముక్కు ఆపరేషన్ కోసం కదమ్మా నువ్వు వచ్చింది?”

 ఆయన నాకు సాయం చేద్దామనే కంప్యూటర్ తెర మా వైపు తిప్పారు. చర్చి గోడ దగ్గర నేను. పక్కనుంచి నా ముక్కు, దాని మీద ఎర్రగీత, గీతకి అవతల తీసేయబోయే భాగం. ఆ తెర పక్కనే, సరిగ్గా అదే కోణంలో, మామ్మ నిలబడి ఉంది. డాక్టరుగారు తెర చూశారు, మామ్మని చూశారు, మళ్లీ తెర చూశారు. 

నాకు ఏడుపొచ్చింది. పెళ్లిచూపుల గొడవకి కాదు. దాచిపెట్టాలనుకున్న ఒక్క మనిషి ముందే ఆ గీత అంత పెద్ద బొమ్మగా కనపడినందుకు. మామ్మ తెర వైపు తిరిగి ఆ గీత మీద వేలు పెట్టింది.

“ఇది తీయించుకోడానికొచ్చినావా?”

“ఆఁ మామ్మా.”

“నాకు సెప్పనేదేటి?”

“నీ ముక్కు కదా. నీకు బాధనిపిస్తుందని.”

మామ్మ కాసేపు ఆ ఫోటోనే చూసింది. నేను తిట్లకి సిద్ధపడ్డాను, కన్నీళ్లకీ సిద్ధపడ్డాను. ఆమె నుంచి వచ్చిన మాటకి మాత్రం సిద్ధంగా లేను.

“ఓసి పిచ్చి గుంటా, నాకూ నచ్చేది కాదే ఈ ముక్కు. నీ ఈడులో సంతకెల్తే ముసుగేసుకునే ఎల్లేదాన్ని. అప్పుడు డాక్టర్లెక్కడున్నారు? అటోటి, ఇటోటి, మద్దినోటి పోగులెట్టీసాను. ఆ నాటినుండి ఎవులూ ముక్కు సూణ్ణేదు, పోగులే సూసేరు. మీ తాత కూడా.”

ఇన్నేళ్లూ ‘అచ్చం మామ్మే’ అన్నప్పుడల్లా ఆమె ఎందుకు మురిసిపోయేదని అడిగాను. నా ముఖానికొచ్చాక ఆ ముక్కు కూడా బాగానే కనపడేదట. ఆ మాటకి నిజంగానే ఏడ్చాను. డాక్టరుగారు టిష్యూ పేపర్ల డబ్బా మొత్తం నా ముందు పెట్టారు. ముక్కుని బట్టి అన్ని ఇచ్చారేమోనని ఆ ఏడుపులో కూడా అనుమానమొచ్చింది.

అయితే కథ ఇక్కడ అయిపోలేదు. మామ్మ నన్ను కుర్చీలోంచి లేపి తను కూర్చుంది. ముక్కు ఎడంపక్క చూపించింది. బరువుకి కన్నం సాగి సాగి అంచు తెగిపోయింది, కొన్నేళ్లుగా అక్కడ పోగు నిలవడం లేదు. కుట్టగలవా బాబూ అని అడిగింది. పొద్దుటినుంచి డాక్టరుగారికి అర్థమైన మొదటి మాట అదే. ఆయన ఎంతో సంతోషంగా, చిన్న పని, ఈ రోజే చేసేస్తానన్నారు. అన్ని పరీక్షలూ చేయించి, మధ్యాహ్నం లోపలికి తీసుకెళ్లారు. ఫోటోలు పంపి, మేకప్ మాని, నెల్లాళ్లు తయారైనదాన్ని నేను. ఏ తయారీ లేకుండా, చుట్ట వాసనతో నేరుగా వెళ్లి ఆపరేషన్ చేయించుకున్నది మామ్మ.

లోపలికి వెళ్తూ, మత్తిస్తావు కదా అని గట్టిగా అడిగి మరీ వెళ్లింది. కాసేపటికి లోపలినుంచి ఒక కేకా, దాని వెనకే మా కొండభాషలో నాలుగు మాటలూ వినిపించాయి. వాటి అర్థం నేను రాయను. ముక్కుకి పట్టీతో బయటికొచ్చి, ఆశగా లేచి నిలబడిన చిన్నాన్నతో అంది:

“మత్తు మత్తని సెప్పి సూదితో పొడిసాడ్రా. సుక్క పొయ్యనేదు. ఈల సంబంధం మనకొద్దు.”

చిన్నాన్న అప్పుడు కండువా దులిపాడు. సంబంధం చెడింది.

మేం ఊరు చేరేసరికి మాకన్నా ముందే కథ చేరిపోయింది, అదీ బాగా కుదించి. పెళ్లికొడుకు మనవరాలిని చూసి ఆలోచించుకోమన్నాడట, మామ్మని మాత్రం చూసీ చూడగానే ఒప్పుకున్నాడట. ఇప్పటికీ సంతలో ఎవరో ఒకరు డాక్టరుగారు కులాసానా అని మామ్మని అడుగుతారు. కులాసాయేనని ఆమె కూడా సిగ్గుపడకుండా చెప్తుంది. గాయం మానాక మళ్లీ కన్నం వేయించుకుని మూడు పోగులూ పెట్టుకుంది. ఓ రోజు కాఫీ షాపు ముందు కూర్చుంటే ఎవరో రీల్ తీశారు. ఆమెకి వచ్చిన లైకులు చూసి నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

నా ముక్కు ఎక్కడిదక్కడే ఉంది. ఆలోచించుకుని చెప్పమన్నారు కదా, ఇంకా ఆలోచిస్తున్నాను. మొన్న అదే ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. ఎడం కాలెత్తి, కుళాయి దగ్గరున్న అందరికీ వినపడేలా, ఇది ముక్కు గురించేనండీ, పెళ్లి గురించి కాదండీ అని ముందే అరిచి చెప్పాను. మీ గురించి కాదండీ, మీ మామ్మగారు ఎలా ఉన్నారో సార్ కనుక్కోమన్నారు, అందా అమ్మాయి. స్పీకరు నొక్కి ఉన్నట్టు అప్పుడే చూసుకున్నాను. కుళాయి దగ్గర మళ్లీ బిందెలు పొర్లాయి.

అందుకే ఆ గట్టు మీదే, ఒంటికాలి మీదే, ఊరందరి ఎదుటా ప్రమాణం చేశాను. ఇకమీదట ఎవరైనా నన్ను చూస్తానంటే, ఏం చూస్తారో, ఎందుకు చూస్తారో వాక్యం పూర్తిచేసి మరీ చెప్తాను. నాలో ఏది కోయించుకోవాలనిపించినా ముందు మామ్మకే చెప్తాను. మా కొండల్లో ప్రమాణం చేసేటప్పుడు నేల ముట్టుకుంటారు. ఒంటికాలి మీద వంగితే పడతానని నేను ముక్కు పట్టుకుని చేశాను. చేతినిండా దొరికింది.